హ్యూఆర్ మరక కేంద్రకంలోనా, బయటా? అడ్డపొగ అంగిలి క్యాన్సర్ బ్లాకుల మీద ఆర్‌ఎన్‌ఏ బంధక ప్రోటీన్ల ప్రాజెక్టు

చంపావతి (విజయనగరం)

అందరికీ నమస్కారం. ఎమ్మెస్సీ బయోటెక్ చివరి సెమిస్టర్ ప్రాజెక్టు కోసం అడుగుతున్నాను. శ్రీకాకుళం తీరంలో చుట్టని నిప్పు లోపలికి పెట్టి కాల్చే అడ్డపొగ అలవాటు, దాంతో అంగిలికి వచ్చే క్యాన్సర్ సంగతి ఇక్కడ అందరికీ తెలిసిందే. ఆ రోగుల పాత పారఫిన్ బ్లాకులు (మైనంలో నిలవుంచిన కణజాలపు ముక్కలు) 40 దాకా దొరుకుతాయి. అనుకున్న పని ఇది:

బ్లాకుల మీద హ్యూఆర్ అనే ఆర్‌ఎన్‌ఏ బంధక ప్రోటీన్‌కి ఐహెచ్‌సీ (యాంటీబాడీతో రంగు వేసే పరీక్ష) చేసి ఎక్కువ, మధ్యస్థం, తక్కువ అని మూడు తరగతులు. అవే బ్లాకుల నుంచి ఆర్‌ఎన్‌ఏ తీసి క్యూపీసీఆర్‌లో (ఆర్‌ఎన్‌ఏ పరిమాణం కొలిచే పద్ధతి) హ్యూఆర్ ఎంత పెరిగిందో చూడటం. తర్వాత నోటి క్యాన్సర్ కణాల్లో హ్యూఆర్ తగ్గించి, కొత్త ఆర్‌ఎన్‌ఏ తయారీని ఆపే యాక్టినోమైసిన్-డి వేసి, వాపుతో ముడిపడ్డ కాక్స్-2 ఎంజైము ఎంఆర్ఎన్ఏ (జన్యువు సందేశం మోసే ఆర్‌ఎన్‌ఏ) ఎంతసేపు బతుకుతుందో కొలవడం. చివర్లో చికిత్స మీద ఒక అధ్యాయం.

ఇందులో ఎక్కడ దెబ్బ తింటాను?

పాలకొండ పాథాలజీ

మొదటి మెట్టులోనే. హ్యూఆర్‌కి "ఎక్కువ, తక్కువ" అనే కొలత సరిపోదమ్మా. మామూలు ఎపిథీలియంలో (పైపొర కణాల్లో) కూడా హ్యూఆర్ దండిగా ఉంటుంది, కాకపోతే దాదాపు అంతా కేంద్రకంలో ఉంటుంది. కణితిలో చూడాల్సింది అది కణద్రవ్యంలోకి వచ్చిందా లేదా అని. రొమ్ము, పెద్దపేగు, అండాశయం ఇలా చాలా క్యాన్సర్లలో రోగి పరిస్థితితో ముడిపడి కనిపించింది కణద్రవ్యపు మరకే. కేంద్రకాన్నీ కణద్రవ్యాన్నీ కలిపి ఒక్క అంకె వేస్తే అసలు విషయం ఆ అంకెలో మునిగిపోతుంది.

కాబట్టి రెండు హెచ్-స్కోర్లు వేయండి, కేంద్రకానికి ఒకటి, కణద్రవ్యానికి ఒకటి. మరక తీవ్రత 0 నుంచి 3, దాన్ని అంత తీవ్రత ఉన్న కణాల శాతంతో గుణించి కూడితే 0 నుంచి 300 మధ్య వస్తుంది. కనీసం 500 కణితి కణాలు లెక్కపెట్టండి. కుళ్లిన భాగం అంచునీ, ముక్క చివరల్నీ వదిలేయండి, అక్కడ కణద్రవ్యం ఊరికే గోధుమరంగు తిరుగుతుంది. ఇద్దరు విడివిడిగా, రోగి వివరాలు చూడకుండా స్కోరు వేసి ఇద్దరి స్కోర్లు ఎంత కలిశాయో చెప్పే కప్పా విలువ రాయండి.

ఇక మీ కణజాలానికే ప్రత్యేకమైన చిక్కులు రెండున్నాయి.

ఒకటి మెలనిన్. అడ్డపొగ తాగేవాళ్ల అంగిలి మీద నల్లమచ్చలు, పక్కనే రంగుపోయిన తెల్లమచ్చలు మామూలు. మెలనిన్ గోధుమరంగే, ఐహెచ్‌సీలో మామూలుగా వాడే డీఏబీ మరకా గోధుమరంగే. అడుగు వరస కణాల్లో మెలనిన్ చూసి "కణద్రవ్యంలో హ్యూఆర్" అని రాసేస్తారు. దాని బదులు ఏఈసీ అనే రంగు వాడండి, ఎర్రగా వస్తుంది. కానీ ఏఈసీ ఆల్కహాల్‌లో కరిగిపోతుంది, అలవాటు కొద్దీ ఆల్కహాల్, జైలీన్ గుండా పంపితే స్లయిడు ఖాళీ. నీటి ఆధారిత మౌంటెంట్ (మూతగాజు అతికించే జిగురు) పెట్టాలి. డీఏబీయే వాడక తప్పకపోతే, కేంద్రకానికి నీలం వేసే హెమటాక్సిలిన్ బదులు అజూర్-బీ వేయండి, మెలనిన్ ఆకుపచ్చ-నీలంగా మారి విడిగా తెలుస్తుంది. ప్రతి బ్లాకుకీ ప్రైమరీ యాంటీబాడీ వేయని స్లయిడు ఒకటి ఉండి తీరాలి.

రెండోది ఎముక. కఠిన అంగిలి ముక్కలో ఎముక వస్తుంది. త్వరగా పని కావాలని నైట్రిక్ ఆమ్లంలో డీకాల్సిఫై చేసి (ఎముకలో సున్నం కరిగించి) ఉంటే ప్రోటీన్ గుర్తులు దెబ్బతింటాయి, ఆర్‌ఎన్‌ఏ సంగతి చెప్పనే అక్కర్లేదు. ఇకమీదట వచ్చే ముక్కలకైతే మెత్తటి భాగాన్ని ముందే కోసి వేరే బ్లాకు చేయమని అడగండి. ఎముకతోనే చేయాల్సి వస్తే ఆ ఆమ్లం బదులు 14 శాతం ఈడీటీఏ, పీహెచ్ 7.2 నుంచి 7.4. వారాలు పడుతుంది, పట్టనివ్వండి.

చంపావతి

చాలా థాంక్సండి. స్టెయినింగ్ షరతులు కూడా చెబుతారా?

పాలకొండ పాథాలజీ

4 మైక్రాన్ల ముక్క, ఛార్జ్ చేసిన స్లయిడు, 60 డిగ్రీల దగ్గర గంట. 10 మిల్లీమోలార్ సిట్రేట్, పీహెచ్ 6.0, 95 డిగ్రీల్లో 20 నిమిషాలు, అదే బఫర్‌లో 20 నిమిషాలు చల్లారనివ్వాలి. ఆత్రపడి కుళాయి కింద పెడితే ముక్క లేచిపోతుంది. 3 శాతం హైడ్రోజన్ పెరాక్సైడ్ 10 నిమిషాలు. యాంటీబాడీని 1:100, 1:200, 1:400, 1:800 వేసి చూడండి. చుట్టూ ఉన్న లింఫోసైట్ల కేంద్రకాలు స్పష్టంగా పట్టి, కండర తంతువులు శుభ్రంగా ఉన్న పలుచదనమే సరైంది. చిక్కగా వేసినప్పుడల్లా కణద్రవ్యం రంగు తేలుతుంది. మీ ప్రశ్నకి జవాబు కణద్రవ్యంలోనే ఉంది కనక ఈ తప్పు మీకు "మంచి ఫలితం" లాగా కనిపిస్తుంది, జాగ్రత్త.

హెమటాక్సిలిన్ 30 సెకన్లు చాలు. నీలం ముదిరితే కేంద్రకపు మరక కప్పడిపోయి, ప్రోటీన్ కేంద్రకం ఖాళీ చేసి బయటికొచ్చినట్టు భ్రమ.

తోటపల్లి

పాలకొండ గారు చెప్పినదాన్నే డేటా వైపు నుంచి. టీసీజీఏ అనే క్యాన్సర్ జన్యు డేటాబేసులో హ్యూఆర్ జన్యువు పేరు ఈఎల్ఏవీఎల్1 అని వెతికి, బార్ గ్రాఫ్ గీసి "క్యాన్సర్‌లో పెరిగింది" అని అధ్యాయం రాసేస్తారు పిల్లలు. ఎంఆర్ఎన్ఏ పరిమాణం ఆ ప్రోటీన్ కణంలో ఎక్కడుందో చెప్పదు. పైగా హ్యూఆర్ తన ఎంఆర్ఎన్ఏని తనే అదుపు చేసుకుంటుంది. మీ ప్లాన్‌లో క్యూపీసీఆర్ భాగం తీసేసినా పోయేదేం లేదు.

నాగావళి

తీసేయమనను, ప్రశ్న మార్చమంటాను. బ్లాకుల్లో హ్యూఆర్‌ని కాదు, హ్యూఆర్ కాపాడే కాక్స్-2, వీఈజీఎఫ్ (రక్తనాళాలు పెంచే ప్రోటీన్) ఎంఆర్ఎన్ఏల్ని కొలవండి. కణద్రవ్యపు స్కోరు ఎక్కువున్న చోట అవీ ఎక్కువున్నాయా అన్నది అడగదగ్గ ప్రశ్న. పారఫిన్‌లో ఆర్‌ఎన్‌ఏ ముక్కలై ఉంటుంది, యాంప్లికాన్ (పీసీఆర్‌లో నకలు తీసే ముక్క) 100 బేసులు దాటనివ్వకండి. 10 మైక్రాన్ల ముక్కలు మూడు నాలుగు, గాలి తగిలిన పై ముక్కలు పారేయండి. ప్రోటీనేజ్-కె 55 డిగ్రీల్లో, తర్వాత ఫార్మలిన్ బంధాలు విడిపోవడానికి 80 డిగ్రీల్లో 15 నిమిషాలు. డీఎన్ఏని నాశనం చేసే డీఎన్ఏజ్ మర్చిపోతే ఇంత చిన్న యాంప్లికాన్‌కి జీనోమిక్ డీఎన్ఏ కూడా పలుకుతుంది, ప్రైమర్లు రెండు ఎక్సాన్ల (ఎంఆర్ఎన్ఏలో మిగిలే జన్యు భాగాల) అతుకు మీద పడేలా చూసుకోండి.

అసలు గోతి మీ మూడో మెట్టులో ఉంది. యాక్టినోమైసిన్-డి ట్రాన్స్‌క్రిప్షన్‌ని (డీఎన్ఏ నుంచి ఆర్‌ఎన్‌ఏ తయారీని) ఆపుతుంది, నిజమే. కానీ ట్రాన్స్‌క్రిప్షన్ ఆగిపోతే హ్యూఆర్, హెచ్ఎన్ఆర్ఎన్పీ-ఏ1 లాంటి అటూ ఇటూ తిరిగే ప్రోటీన్లు కేంద్రకం వదిలి కణద్రవ్యంలో పోగవుతాయి. అంటే మీరు దేని స్థానం పని చేస్తుందో తేల్చాలనుకుంటున్నారో, దాని స్థానాన్ని మీ మందే మార్చేస్తోంది. కంట్రోల్ కణాల్లో కూడా కాక్స్-2 కృత్రిమంగా ఎక్కువసేపు బతకొచ్చు.

వేరే దారి లేకపోతే 5 మైక్రోగ్రాములు మిల్లీలీటరుకి, 0, 30, 60, 120 నిమిషాలు, అంతకు మించి లాగొద్దు. 18ఎస్ రైబోసోమ్ ఆర్‌ఎన్‌ఏతో సరిచూసుకోండి, అది అంత త్వరగా కరగదు. ప్రతి సమయానికీ ఒక డిష్ హ్యూఆర్ ఇమ్యునోఫ్లోరసెన్స్‌కి కేటాయించి, స్థానం ఎంత మారిందో ఫలితం పక్కనే చూపించండి. డబ్బుంటే 4-థయోయురిడిన్ దారి మేలు: కొత్త ఆర్‌ఎన్‌ఏకి గుర్తు వేసి, ఆ గుర్తు ఎంత వేగంగా మాయమవుతుందో చూడటం. ట్రాన్స్‌క్రిప్షన్ ఆపక్కర్లేదు.

చంపావతి

ఈ సంగతి ఏ ప్రోటోకాల్‌లోనూ కనబడలేదండి. ఇంకో ప్రశ్న. హ్యూఆర్ ఏఆర్‌ఈ అనే వరసని పట్టుకుని ఎంఆర్ఎన్ఏని కాపాడుతుంది, టీటీపీ అనే మరో ప్రోటీన్ అదే వరసని పట్టుకుని నాశనం చేయిస్తుంది అని చదివాను. రెండూ ఒకే చోట పడితే ఎవరిది పైచేయి?

బొబ్బిలి వీణ

ఒకే గుంజకి రెండు గిత్తల్ని కట్టబోయినట్టు. ఎంఆర్ఎన్ఏ చివర, ప్రోటీన్‌గా మారని భాగంలో ఏయూయూయూఏ మళ్లీ మళ్లీ వస్తుంది, అదే గుంజ. హ్యూఆర్ పడితే ఆ ఎంఆర్ఎన్ఏ నిలుస్తుంది. టీటీపీ పడితే పాలీ-ఏ తోకని కొరికే సీసీఆర్4-నాట్ బృందాన్ని పిలుచుకొస్తుంది. ఎవరి సంఖ్య ఎక్కువ, ఎవరు కణద్రవ్యంలో ఉన్నారు, ఎవరి మీద ఫాస్ఫేట్ పడింది అన్నవే తేలుస్తాయి. పీ38 అనే సంకేత దారి చురుగ్గా ఉంటే అందులోని ఎంకే2 ఎంజైము టీటీపీకి ఫాస్ఫేట్ తగిలించి దాని కోరలు పీకేస్తుంది. అందుకే హ్యూఆర్ ఒక్కదాని స్కోరు కన్నా హ్యూఆర్, టీటీపీ రెండూ పక్కపక్క ముక్కల మీద వేయడం తెలివైన పని. 40 బ్లాకులకి అదనంగా ఒక యాంటీబాడీ ఖర్చు, అంతే.

వంశధార

హ్యూఆర్ మీదే ఎందుకింత? మనిషిలో ఆర్‌ఎన్‌ఏ బంధక ప్రోటీన్లు 1,542 అని 2014లో లెక్క తేల్చారు, ప్రోటీన్ జన్యువుల్లో దాదాపు 7.5 శాతం. లిన్28 ఉంది, లెట్-7 అనే మైక్రో ఆర్‌ఎన్‌ఏ తయారవకుండా అడ్డుపడి రాస్, మిక్ అనే క్యాన్సర్ జన్యువులకి పగ్గాలు వదిలేస్తుంది. ఐజీఎఫ్2బీపీలు ఉన్నాయి, పిండదశ తర్వాత చాలా కణజాలాల్లో అణిగిపోయి కణితిలో మళ్లీ లేస్తాయి. అలాంటివాటికి మరక పడితే చాలు, లోపలా బయటా అన్న తగువే లేదు.

పాలకొండ పాథాలజీ

మాట నిజమే, ఐజీఎఫ్2బీపీ3 మరక చదవడం హ్యూఆర్ కన్నా సులువు. కానీ మామూలు కణజాలంలో లేనిదానికి లోపలి కంట్రోల్ ఉండదు. పాత బ్లాకులో మరక పడకపోతే ప్రోటీన్ లేదా, బ్లాకు చెడిందా తెలీదు. హ్యూఆర్‌కి ప్రతి లింఫోసైటూ కంట్రోలే.

వంశధార

ఒప్పుకున్నాం మాస్టారూ.

నాగావళి

చంపావతి గారూ, హ్యూఆర్ నిజంగా కాక్స్-2ని పట్టుకుందని చూపించమని ఎగ్జామినర్ అడుగుతారు. మామూలు ఆర్‌ఐపీ (యాంటీబాడీతో ప్రోటీన్‌ని లాగి, దాంతో వచ్చిన ఆర్‌ఎన్‌ఏ చూడటం) చేస్తే ఒక చిక్కు: కణాన్ని పగలగొట్టాక ట్యూబులో ప్రోటీన్లు, ఆర్‌ఎన్‌ఏలు కొత్తగా జత కడతాయి. కణంలో ఎన్నడూ కలవనివి కూడా కలిసినట్టు వస్తాయి. అందుకే బతికున్న కణం మీదే 254 నానోమీటర్ల యూవీ వేసి బంధం బిగించాలి, అదే క్లిప్.

చదరపు సెంటీమీటరుకి 150 నుంచి 400 మిల్లీజౌళ్లు. డిష్ మంచు మీద, పలచగా చల్లటి పీబీఎస్, మూత తీసి. ప్లాస్టిక్ మూత ఆ యూవీని మింగేస్తుంది, రోజంతా చేసి ఏమీ రాలేదని తలపట్టుకునేది ఇక్కడే. మీడియం ఉంచినా అంతే, ఫినాల్ రెడ్, సీరం కిరణాన్ని తాగేస్తాయి. యూవీ వేయని డిష్ ఒకటి కంట్రోల్‌గా.

తర్వాత ఆర్‌ఎన్‌ఏని ముక్కలు చేసే ఆర్‌ఎన్‌ఏజ్-1 మోతాదు. ఎక్కువైతే ముక్కలు మరీ పొట్టివై జీనోమ్‌లో ఎక్కడివో పోల్చలేం, తక్కువైతే జెల్‌లో పైకంటా మసక. మూడు పలుచదనాలు వేసి చూసుకోవాలి. జెల్ నుంచి నైట్రోసెల్యులోజ్ మీదకి దించండి, విడి ఆర్‌ఎన్‌ఏ దాని గుండా పోతుంది, ప్రోటీన్‌కి అతుక్కున్నదే నిలుస్తుంది. హ్యూఆర్ 36 కిలోడాల్టన్లు, ఈక్లిప్ అనే క్లిప్ రకంలో అక్కడి నుంచి ఇంకో 75 కిలోడాల్టన్లు పైదాకా, అంటే సుమారు 110 దాకా కోస్తారు. అదే సైజులో ఇన్‌పుట్ (యాంటీబాడీతో లాగని నమూనా) కూడా కోసి సీక్వెన్సింగ్ లైబ్రరీ చేయకపోతే మిగతా పనంతా వృథా.

ఎమ్మెస్సీకి సీక్వెన్సింగ్ అక్కర్లేదు. యూవీ వేసి, గట్టిగా కడిగి, కాక్స్-2 ఏఆర్‌ఈకీ, ఏఆర్‌ఈ లేని ఒక ఎంఆర్ఎన్ఏకీ క్యూపీసీఆర్ చేస్తే చాలు.

తోటపల్లి

సీక్వెన్సింగ్ దాకా వెళ్లేవాళ్లకి ఒక్క మాట: అడాప్టర్‌లో యూఎంఐ (ప్రతి అసలు ముక్కకీ వేరే గుర్తు) పెట్టండి. క్లిప్‌లో దొరికే ఆర్‌ఎన్‌ఏ అతి తక్కువ, పీసీఆర్ నకళ్లే గుట్టలుగా వస్తాయి. నకళ్లు తీసేశాక 2 కోట్ల రీడ్స్ 2 లక్షలైనా ఆశ్చర్యపోవద్దు. ఇంకా, హ్యూఆర్ ఇంట్రాన్లలో (ఎంఆర్ఎన్ఏ తయారీలో కోసి తీసేసే భాగాల్లో) కూడా విపరీతంగా కూర్చుంటుంది. కూర్చున్నచోటల్లా పని చేస్తున్నట్టు కాదు.

చంపావతి

చికిత్స అధ్యాయంలో హ్యూఆర్‌ని అడ్డుకునే ఎంఎస్-444, డైహైడ్రోటాన్షినోన్ రాద్దామనుకున్నాను. ఇవి మందులుగా వస్తాయా?

కళింగపట్నం దీపం

వాటిని ప్రయోగశాల పనిముట్లుగా రాయండి, మందులుగా కాదు. ఎంఎస్-444 హ్యూఆర్ జతకట్టకుండా, బయటికి పోకుండా చూస్తుంది, కానీ అది మొదట మయోసిన్ లైట్ చైన్ కైనేజ్ నిరోధకంగా దొరికిన పదార్థం. రెండోది క్వినోన్, కణంలో ఆక్సీకరణ గొడవ అదే పెట్టగలదు. కణాలు చచ్చాయంటే హ్యూఆర్ వల్లే అనకండి. హ్యూఆర్ లేని కణాల్లో కూడా అదే మోతాదుకి చస్తున్నాయేమో చూడాలి.

మందు దొరకడం ఎందుకు కష్టం అన్నది రాస్తే అధ్యాయానికి బలం. ఆర్‌ఆర్‌ఎం అనే భాగం సుమారు 90 ఎమినో ఆమ్లాలు, ఆర్‌ఎన్‌ఏని పట్టే ముఖం చదునైన బీటా పలక. కైనేజ్‌లో ఏటీపీ దూరే గొయ్యి లాంటిది ఇక్కడ లేదు. చదును గోడకి చిన్న అణువు ఎక్కడ అంటుతుంది? అందుకే దారులు పక్కనుంచి వెళ్లాయి.

ఒకటి, అడ్డుకోవడం మాని ప్రోటీన్‌నే చెత్తబుట్టలో వేయించడం. ఇండిసులామ్ అనే పాత సల్ఫోనమైడ్ ఎలా పనిచేస్తుందో ఏళ్ల తరబడి తెలీదు. 2017లో తేలింది: అది ఆర్‌బీఎం39 అనే స్ప్లైసింగ్ (ఇంట్రాన్లు కోసి ఎక్సాన్లు అతికే పని) ప్రోటీన్‌ని, నాశనానికి గుర్తు వేయించే డీకాఫ్15కి జిగురులా అతికిస్తుంది, కణం దాన్ని ప్రోటీన్లు నరికే ప్రోటియాసోమ్‌కి పంపేస్తుంది. డీకాఫ్15 తక్కువున్న కణితి మీద జిగురు పట్టదు. దాని తోబుట్టువు ఈ7820ని స్ప్లైసింగ్ మ్యుటేషన్లున్న రక్త క్యాన్సర్లలో ప్రయత్నిస్తే ప్రోటీన్ తగ్గింది గానీ రోగులకి దక్కిన లాభం స్వల్పం.

రెండు, స్ప్లైసింగ్ యంత్రాన్నే నొక్కడం. ఆ యంత్రంలోని ఎస్‌ఎఫ్3బీ1 ప్రోటీన్ మీద పనిచేసే ఈ7107 మందు ప్రయోగాలు కంటి నరం దెబ్బతిని చూపు మందగించడంతో ఆగాయి. మామూలు కణానికీ స్ప్లైసింగ్ కావాలి కదా, మోతాదు కిటికీ ఇరుకు. తర్వాత వచ్చిన హెచ్3బీ-8800 నోటి మాత్ర, కొందరికి రక్తం ఎక్కించే అవసరం తగ్గింది గానీ మొదటి దశలో పూర్తి స్పందన ఎవరికీ రాలేదు.

మూడు, ఎంఆర్ఎన్ఏ మొదట్లో ఉండే టోపీని పట్టే ఈఐఎఫ్4ఈ ప్రోటీన్. వైరస్ మందు రైబావిరిన్‌తో 2009లో ఎం4, ఎం5 రకం ఏఎంఎల్ రక్త క్యాన్సర్‌లో కొందరికి స్పందన చూపించారు. నిలవలేదు. జీఎల్ఐ1 ప్రోటీన్ పెరిగి, యూజీటీ1ఏ ఎంజైములు మందుకి గ్లూకురోనిక్ ఆమ్లం తగిలించి పనికిరాకుండా చేశాయి.

మన శ్రీకాకుళం జిల్లాకి రైబావిరిన్ సంగతి ప్రత్యేకం. "మందుల షాపులో దొరికే పాత మందే కదా" అని ఎవరూ తలపెట్టకండి. అది మూత్రపిండాల గుండా పోతుంది, క్రియాటినిన్ క్లియరెన్స్ నిమిషానికి 50 మిల్లీలీటర్ల లోపుంటే వాడకూడదు, ఎర్రకణాల్ని పగలగొడుతుంది. కవిటి, సోంపేట, కంచిలి వైపు ఉద్దానం కిడ్నీ జబ్బున్న మనిషికి రక్తహీనత ముందే ఉంటుంది. సీరం క్రియాటినిన్ అంకె ఒక్కటే చూసి సరే అనకండి, కండ పోయిన ముసలివాళ్లలో అది మామూలుగానే కనిపిస్తుంది.

వంశధార

ఈఐఎఫ్4ఈ మాటొచ్చింది కాబట్టి. తల, మెడ క్యాన్సర్లలో సూక్ష్మదర్శినికి శుభ్రంగా కనిపించిన కోత అంచుల్లో ఈఐఎఫ్4ఈ మరక పడినవాళ్లకి జబ్బు తిరగబెట్టడం ఎక్కువని 1990లలోనే చూపించారు. చంపావతి గారి బ్లాకుల్లో అంచులవి కూడా ఉంటాయి. వాటిలో ఎముక గొడవ కూడా తక్కువ.

బొబ్బిలి వీణ

ఎస్‌ఎఫ్3బీ1 గురించి రక్తం వైపు చిన్న చేర్పు, జిల్లా ఆసుపత్రి స్థాయిలో పనికొచ్చేది. ఎండీఎస్‌లో (మూలుగ రక్తకణాల్ని సరిగా తయారుచేయని జబ్బు) ఈ జన్యువులో వచ్చే మ్యుటేషన్ని సీక్వెన్సింగ్ లేకుండా అనుమానించవచ్చు, మూలుగ స్మియర్ మీద పెర్ల్స్ ఐరన్ మరకతో. కేంద్రకం చుట్టూ కనీసం మూడో వంతు, 5 లేదా అంతకన్నా ఎక్కువ నీలి చుక్కలుంటే రింగ్ సిడరోబ్లాస్ట్. ఎర్రకణాల పూర్వగాముల్లో 15 శాతం ఉండాలి, 2016 డబ్ల్యూహెచ్ఓ వర్గీకరణలో మ్యుటేషన్ తేలితే 5 శాతం చాలన్నారు. కానీ టీబీకి ఐసోనియాజిడ్ వాడుతున్నారా, మద్యం, రాగి లోపం ఉన్నాయా అని ముందు అడగాలి, అవీ ఇవే ఉంగరాలు తెస్తాయి.

ఆర్‌ఎన్‌ఏ సీక్వెన్సింగ్ చేసేవాళ్లు ఎక్సాన్ దాటవేతలు మాత్రమే వెతికితే ఎస్‌ఎఫ్3బీ1 గుర్తు దొరకదు. ఇంట్రాన్ ముగిసే గుర్తైన అసలు ఏజీకి 10 నుంచి 30 బేసుల ముందున్న దొంగ ఏజీని అది వాడుకుంటుంది. ప్రత్యామ్నాయ 3 ప్రైమ్ సైట్ల పట్టిక తెరవాలి.

చంపావతి

మార్చిన ప్లాన్: హ్యూఆర్, టీటీపీ పక్కపక్క ముక్కల మీద, ఏఈసీతో, కేంద్రకానికీ కణద్రవ్యానికీ వేరువేరు స్కోర్లు. అంచు బ్లాకుల్లో ఈఐఎఫ్4ఈ. బ్లాకు ఆర్‌ఎన్‌ఏలో కాక్స్-2, వీఈజీఎఫ్. కణాల్లో హ్యూఆర్ తగ్గించడానికి రెండు వేర్వేరు ఎస్ఐఆర్ఎన్ఏలు, యాక్టినోమైసిన్ 2 గంటల వరకే, పక్కన ఫ్లోరసెన్స్.

ఒకటే మిగిలింది. పాత బ్లాకుల్లో ఏది నైట్రిక్‌లో వేశారో, ఏది ఈడీటీఏలో వేశారో రిజిస్టర్లో లేదు. వాటినేం చేయాలి?

పాలకొండ పాథాలజీ

ఎముక ఉన్న ప్రతి బ్లాకు నుంచీ ముందు ఒక స్లయిడు విమెంటిన్ అనే ప్రోటీన్‌కి, ఒకటి హ్యూఆర్‌కి. రక్తనాళాల గోడల్లో విమెంటిన్ చక్కగా పట్టి, లింఫోసైట్ల కేంద్రకాల్లో హ్యూఆర్ కనీసం 2 తీవ్రతలో ఉంటే ఉంచండి. లింఫోసైట్లు ఖాళీగా ఉంటే కణితి ఎలా కనిపించినా ఆ బ్లాకు తీసేయండి, ఎన్ని తీశారో థీసిస్‌లో రాయండి. 40లో పన్నెండో పదిహేనో పోవచ్చు. ఎథిక్స్ కమిటీ దరఖాస్తులో 40 అనే రాయండి, మిగిలిపోయిన పాత బ్లాకులకి పేర్లు తీసేసి సమ్మతి మినహాయింపు అడగొచ్చు, ఐసీఎంఆర్ 2017 మార్గదర్శకాల్లో దానికి వీలుంది. ఆ కాగితం చేతికి వచ్చేదాకా ఒక్క ముక్క కూడా కోయకండి.